మేస్త్రమ్మ చెప్పిన కొలతలు

ఆసుపత్రి నేలమాళిగలో ఉన్న బట్టల గది మీద పరిశోధన చేయడానికి ఇద్దరు వస్తున్నారని తెలిసిన రోజున మేస్త్రమ్మ పెదవి విరిచి, "ఏం, పైన రోగులు అయిపోయారా?" అంది.

ఆ గదిలో ఆమెది ఇరవై ఆరేళ్ల సర్వీసు. రోజుకు తొమ్మిది వందల దుప్పట్లు, అన్నే గలేబులు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గౌన్లు పైనుంచి గొట్టంలో జారి ఆ గదిలో పడేవి. ఉతకడం యంత్రాల పని. తడిసి రాయిలా బరువెక్కిన బట్టలను యంత్రంలోంచి లాగడం, ఆరబెట్టే డ్రమ్ములో వెయ్యడం, ఇస్త్రీ రోలర్ల నోటికి అందించడం, అవతల బల్ల మీద మడవడం ఏడుగురు ఆడవాళ్ల పని. ఆ ఏడుగురికీ పెద్ద కాబట్టి ఆమె మేస్త్రమ్మ. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలికేది కాదు.

పరిశోధన అంటే ఆమెకు ఒళ్లుమంట. కారణం లేకపోలేదు. ఇదివరకు ఒకాయన వచ్చి, బరువులెత్తేటప్పుడు నడుం ఎలా వంచాలో బొమ్మలు గీసిన కాగితాలు గోడలకు అంటించి వెళ్లాడు. ఆ కాగితాలు ఆవిరికి వారంలో ఊడి, నీళ్ల కాలవలో తేలాయి. తరవాత ఇద్దరు వచ్చి కొత్తరకం బండి ఇచ్చారు. ఖాళీగా ఉన్నంతసేపు అది బుద్ధిమంతురాలే. తడి దుప్పట్లు ఎక్కించగానే నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులు చూసేవి. ఆ తరవాత వచ్చినావిడ, "పని చేస్తుంటే మీకు ఎంత సంతోషంగా ఉంటుంది? ఒకటి నుంచి పది దాకా ఒక అంకె వెయ్యండి," అంది. మేస్త్రమ్మ పదకొండు వేసింది. ఆవిడ దాన్ని చూసి కూడా ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయింది.

ఈసారి వచ్చిన ఇద్దరిలో పెద్దాయన ఆర్కిటెక్టు. తెల్లగా దువ్విన గడ్డం, మెత్తని బూట్లు. జనంతో కలిసి భవనాలు గీస్తాడని ఆయనకు పేరుందట. రెండోది ఆయన దగ్గర పనిచేసే పాతికేళ్ల పిల్ల. కళ్లద్దాలు, సంకలో ఎప్పుడూ లావుపాటి నోటు పుస్తకం. మొదటి గంటలోనే ఆ పిల్లకు పుస్తకం పిల్ల అని పేరు పడిపోయింది.

ఆర్కిటెక్టు వస్తూనే మడతల బల్ల మీద ఎక్కి కూచున్నాడు. ఇస్త్రీ అయిన దుప్పటి తప్ప ఇంకేదీ ఆ బల్లను తాకకూడదు. అది ఆ గదిలో శాసనం. ఆయన కాళ్లాడిస్తూ, "మేం మీకు ఏదో నేర్పడానికి రాలేదు. నేర్చుకోవడానికి వచ్చాం. ఈ గదికి నిపుణులు మీరే," అన్నాడు.

"అయితే ముందు బల్ల దిగండి బాబూ," అంది మేస్త్రమ్మ.

ఆయన దిగి, హాయిగా నవ్వి, పుస్తకం పిల్ల వైపు తిరిగి, "ఇది రాసుకో. చాలా బాగుంది," అన్నాడు. మేస్త్రమ్మ తడిగుడ్డ తెచ్చి, ఆయన ఎదురుగానే బల్ల తుడిచింది. అది కూడా ఆయనకు బాగుంది.

మధ్యాహ్నం తానూ పని చేసి చూస్తానన్నాడు. దుప్పటి రెండు కొసలు ఆయన పట్టుకున్నాడు, రెండు కొసలు మేస్త్రమ్మ పట్టుకుంది. ఆయన మూడుసార్లు మడిచేసరికి అది పొట్లంలా తయారైంది. ఆయన కళ్లు తడయ్యాయి. "ఇందులో ఒక నాట్యం ఉందండీ," అన్నాడు. మేస్త్రమ్మ ఆ నాట్యాన్ని విప్పి, మళ్లీ మడిచి, దొంతరలో పెట్టింది.

తరవాత రంగురంగుల చీటీలు పంచారు. ఎవరి కలల గది వాళ్లు గీయాలట. చదువురాని ఒకామె చీటీతో బుగ్గ గోక్కుంటూ కూచుంది. మేస్త్రమ్మ తన చీటీని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కాలి కింద దోపింది. ఆమె ఆడపడుచు చిట్టి మాత్రం శ్రద్ధగా వంగి ఒక కిటికీ గీసింది. చిట్టి ఏడుగురిలోకీ పొట్టి. అన్న పెళ్లయిన ఏడాదికే వదిన వెంట ఆ పనిలో చేరింది. వదిన మాట జవదాటి ఎరగదు.

"ఏమిటే ఆ బొమ్మలు, బడిపిల్లలా?" అంది మేస్త్రమ్మ.

"వెలుగు వస్తే బాగుంటుంది కదా వదినా. దక్షిణం గోడ బయటికే కదా ఉంది. పైభాగంలో పెట్టొచ్చు."

"పెడతారు, నీ కోసమే కాచుక్కూచున్నారు."

ఆర్కిటెక్టు ఆ తరవాత అప్పుడప్పుడు వచ్చి చెయ్యి ఊపి వెళ్లేవాడు. పుస్తకం పిల్ల మాత్రం మూడు వారాలు కదల్లేదు. పొద్దున్న ఏడింటికి వాళ్లతోపాటే దిగేది. ఎవరు ఎన్ని అడుగులు వేశారో, ఎన్నిసార్లు వంగారో లెక్కపెట్టి రాసుకునేది. ఆవిరికి కళ్లద్దాలు మసకబారితే తుడుచుకుని మళ్లీ రాసేది. ఎవరైనా తుమ్మినా పెన్ను కదిలేది. ఆ చూపు మేస్త్రమ్మ వీపు మీద దురదలా ఉండేది. "మనమేమైనా బోనులో జంతువులమా?" అని రోజుకొకసారైనా అనేది.

రెండో వారం టీ తాగేటప్పుడు ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. "ఏది అడిగినా తిరగేసి చెప్పండి. ఎంతవరకు మింగుతారో చూద్దాం," అంది. అందరూ నవ్వారు. ఏడుగురికీ మొహం మొత్తి ఉంది.

మర్నాడు పుస్తకం పిల్ల ఒక పాత బల్ల తెప్పించి, దాని కాళ్ల కింద ఇటుకలు పెట్టించి, మేస్త్రమ్మను దుప్పటి మడవమంది.

"ఈ ఎత్తు హాయిగా ఉందా అమ్మా?"

"ఇంకా పైకి."

ఇంకో వరస ఇటుకలు పడ్డాయి.

"ఇప్పుడు?"

"ఇంకా."

బల్ల ఆమె చంకల దాకా వచ్చింది. వెనకాల రోలర్ల దగ్గర ఎవరో దగ్గుతున్నట్టు నవ్వారు.

"భుజాలు నొప్పి పెట్టవా?" అంది పిల్ల.

"చేతులు కిందికి వేలాడితేనే నాకు నొప్పి. పైకి ఉంటే రక్తం బాగా ఆడుతుంది."

పుస్తకం పిల్ల పెన్ను ఆపి ఆమె ముఖంలోకి చూసింది. మేస్త్రమ్మ రెప్ప వెయ్యలేదు. పిల్ల తల దించుకుని రాసుకుంది.

"మిగతావాళ్లవి కూడా కొలుస్తాను."

"మా అందరిదీ ఒకటే మాట. అడుగు, కావాలంటే."

పిల్ల చిట్టిని అడిగింది. బల్ల అంచు చిట్టి గడ్డానికి తగులుతోంది. చిట్టి వదిన వైపు చూసి, "వదిన ఎంతంటే అంత," అంది.

ఇక అక్కడినుంచి మేస్త్రమ్మకు పట్టపగ్గాలు లేవు. కిటికీ సంగతి అడిగితే, ఎండ తగిలితే ఉతికిన బట్ట పచ్చబడుతుందని చెప్పింది. మరి చిట్టి గీసిన కిటికీ? దానికి బొమ్మలంటే సరదా. కూచోవడానికి బెంచీలు? కూచుంటే మళ్లీ లేవలేం, వద్దు. తడిబట్టల బండి ఎటునుంచి రావాలి? రోలర్ల వెనకనుంచి చుట్టూ తిరిగి రావాలి, కాళ్లకు కసరత్తు. అన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. సాయంత్రం బస్సులో ఆ జవాబులు మళ్లీ మళ్లీ చెప్పుకుని ఏడుగురూ కడుపుబ్బ నవ్వారు. చిట్టి ఒక్కతే సగం నవ్వి ఊరుకుంది.

"వదినా, నిజంగా కడితేనో?"

"పిచ్చిదానా, వీళ్లు గదులు కట్టరే. పుస్తకాలు కడతారు."

కానీ కట్టారు. ఏడాది తిరగకుండా ఎవరో పెద్దలు ఆసుపత్రికి విరాళం ఇచ్చారు. బట్టల గదిని రెండు నెలలపాటు వెనకనున్న షెడ్డులోకి మార్చి, పాతదాన్ని గోడల దాకా చెక్కేసి, కొత్తగా చేశారు. ప్రారంభం రోజున సూపరింటెండెంటు, ఆర్కిటెక్టు, పత్రికలవాళ్లు ముందు నడిచారు. ఏడుగురు ఆడవాళ్లు కొత్త ఏప్రన్లు కట్టుకుని వాళ్ల వెనకాల లోపలికి వెళ్లారు. వెళ్లి నిలబడిపోయారు.

గది నిగనిగలాడుతోంది. తెల్లటి పలకలు, కొత్త గొట్టాలు. నడిమధ్య గది పొడుగునా స్టీలు బల్ల. కాళ్లు సిమెంటులో పాతారు. దాని అంచు సరిగ్గా మేస్త్రమ్మ చంకల దగ్గర ఉంది. దక్షిణం గోడ పైనుంచి కిందిదాకా మూసేసి, ఆవిరి గొట్టాలన్నీ దానిమీదుగా పరిచారు. ఒక్క బెంచీ లేదు. తడిబట్టల దారి రోలర్ల వెనకనుంచి పాములా చుట్టుకుని ఉంది, పసుపుపచ్చ గీతలతో సహా. ద్వారం పక్కన బోర్డు: "ఈ గదిని రూపొందించింది ఇందులో పనిచేసేవారే."

అందరికీ ఒక పుస్తకం పంచారు. మొదటి పేజీలో మేస్త్రమ్మ చేతుల ఫోటో. ముడతలు, మచ్చలు, గోళ్ల దగ్గర పగుళ్లు. దాని కింద పెద్ద అక్షరాల్లో, "చేతులు పైకి ఉంటే రక్తం బాగా ఆడుతుంది."

ఆ మాట చదివి ఎవరూ నవ్వలేదు.

ఆ గదిలో ఒక్కటి మాత్రం అద్భుతంగా కుదిరింది. గుమ్మం దగ్గర వేడి గొట్టం పక్కన బూట్ల అర ఒకటి కట్టారు. తడిసిన బూట్లు సాయంత్రానికి పెళపెళలాడుతూ ఎండేవి. ఇన్నేళ్లలో మొదటిసారి పొడి బూట్లతో ఇంటికి వెళ్లారు. అది ఎవరడిగారా అని ఆరా తీస్తే చిట్టి తల వంచుకుంది. ఒకరోజు నడవాలో పుస్తకం పిల్ల అడిగితే, నోటికొచ్చిన నిజం చెప్పేసిందట. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు బూట్లు తొడుక్కుంటూ, "చిట్టి పుణ్యం," అనేవారు. అది విన్నప్పుడల్లా మేస్త్రమ్మకు చెంప మీద కొట్టినట్టుండేది.

మొదటి వారానికే భుజాలు పట్టేశాయి. రెండో వారానికి ఒకామె చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోయింది. సబ్బు డబ్బాలొచ్చే చెక్కపెట్టెలు బోర్లించి, వాటిమీద నిలబడి మడవడం మొదలుపెట్టారు. తడి దారి వల్ల పది నిమిషాల పని అరగంట పట్టేది. మేస్త్రమ్మ నోరు మాత్రం తగ్గలేదు. "బుద్ధున్నవాడెవడైనా ఇంత ఎత్తు బల్ల కడతాడా? చదువుకున్న గాడిదలు. నేను ఏదో అన్నాననుకో, వాళ్ల తెలివేమైంది?" అని రోలర్ల మోతను మించి అరిచేది. మిగతావాళ్లు తల తిప్పకుండా మడుస్తూనే ఉండేవారు. అది ఆమెకు నచ్చలేదు.

నాలుగో వారంలో చిట్టి పెట్టె మీదనుంచి పడింది. చేతుల్లో దుప్పటి ఉండటంతో కింద ఏముందో కనబడలేదు. తడి నేల మీద పెట్టె జారింది. కుడి మణికట్టు విరిగింది. పై అంతస్తులో కట్టు కట్టిన డాక్టరు ఎలా పడ్డావని అడిగితే, "కాలు జారిందండీ," అంది. పక్కనే నిలబడ్డ మేస్త్రమ్మ ఏదో అనబోయి, అనలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త పళ్లెంలోంచి తల ఎత్తకుండా అడిగాడు. ఆయన బస్సు డ్రైవరు, మాటలు తక్కువ.

"చిట్టి ఎంతకాలం ఆగాలన్నారు?"

"రెండు నెలలు. ఆ గడ్డపాయన కట్టిన బల్ల వల్లే ఇదంతా."

"ఆయన మనుషులు మా డిపోకీ వచ్చారు, పోయినేడు."

"వచ్చి?"

"సీటు సంగతి అడిగారు. మోకాళ్లు తగులుతున్నాయి, జానెడు వెనక్కి జరపండి అన్నాను. జరిపారు."

అంతే అన్నాడు. చెల్లెలి ఊసు మళ్లీ ఎత్తలేదు. మేస్త్రమ్మ పళ్లెం పక్కకు జరిపింది. తన భర్తను ఇన్నేళ్లూ నోట్లో నాలుక లేని మనిషి అనుకుంది. ఆ మనిషి అడిగింది అడిగినట్టు చెప్పి, హాయిగా కాళ్లు చాపుకుని బస్సు నడుపుకుంటున్నాడు. తెలివైనదాన్ని అనుకున్న తను మాత్రం చెక్కపెట్టె మీద నిలబడుతోంది.

మూడో నెలలో పుస్తకం పిల్ల వచ్చింది. కట్టిన గది ఎలా ఉందో చూసి రాయాలట. ఒక్కతే వచ్చింది. ఆర్కిటెక్టు ఇప్పుడు సభల్లో మాట్లాడటానికి తిరుగుతున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టి, బల్ల వెంబడి వరసగా బోర్లించిన ఆరు పెట్టెలు, వాటిమీద ఆరుగురు ఆడవాళ్లు కనబడగానే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఏడో ఆవిడ ఏరి?"

అందరి కళ్లూ మేస్త్రమ్మ మీదే. ఇప్పుడు కూడా నెపం నెట్టెయ్యవచ్చు. నాలుగు తిట్లు తిడితే ఈ పిల్ల నోరు మూసుకుని పోతుంది. ఆ సంగతి మేస్త్రమ్మకు తెలుసు, చూస్తున్న ఐదుగురికీ తెలుసు. ఆమె పెట్టె దిగింది.

"ఇలా రా," అని బూట్ల అర దగ్గరికి తీసుకెళ్లింది. "చూడు పిల్లా, నేను నీకు చెప్పిందంతా అబద్ధం. ఎత్తు అబద్ధం, కిటికీ వద్దన్నది అబద్ధం, బండి దారి అబద్ధం. మిమ్మల్ని వెర్రివాళ్లను చేద్దామని చెప్పాను. మా ఆడపడుచు చెయ్యి విరిగింది."

పుస్తకం పిల్ల ఓదారుస్తుందని ఆమె అనుకోలేదు. పిల్ల సంచిలోంచి పాత నోటు పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి చూపించింది. బల్ల ఎత్తు అంకె పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది: "నిజం చెప్పడం లేదనిపిస్తోంది. మళ్లీ చూడాలి."

మేస్త్రమ్మ రెండుసార్లు చదివింది.

"నీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"సార్‌తో చెప్పాను. పనిచేసేవాళ్ల మాటను అనుమానించడం మన అహంకారం అన్నారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కట్టడమే గౌరవం అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. మిమ్మల్ని మళ్లీ అడుగుదామనుకున్నాను. మీకు కోపమొస్తుందని భయమేసింది."

"నాకు కోపమొస్తుందని మా వాళ్ల భుజాలు విరగ్గొట్టావా? అంత పిరికిదానివి, నీకు ఈ పుస్తకం ఎందుకు?"

ఆ పిల్ల కళ్లద్దాలు తీసింది. తుడుచుకోలేదు, చేతిలో పట్టుకుంది. "మీరు కూడా ఒక మాట చెప్పండి. మూడు వారాలు నేను మీ పక్కన నిలబడ్డాను. నేను మీకేం అన్యాయం చేశాను? మీకు ఇష్టం లేకపోతే పొమ్మనాల్సింది కదా. సిమెంటు పోసేదాకా నవ్వుకున్నారు. మీ ఆడపడుచు గారి కిటికీ నా బొమ్మలో ఉండేది. మీరు వద్దన్నారని నా చేత్తో చెరిపాను."

జీవితంలో ఎవరూ మేస్త్రమ్మతో అలా మాట్లాడలేదు. ఈ గదిలో అసలే లేదు. రోలర్ల దగ్గర ఆడవాళ్లు పని ఆపి వింటున్నారు. వాళ్ల ముఖాల్లో జాలి లేదు.

"సూపరింటెండెంటు గారి దగ్గర ఈ మాటే చెబుతారా?" అంది పిల్ల.

"చెబుతాను."

వారం తరవాత సూపరింటెండెంటు గదిలో కూడారు. ఆర్కిటెక్టు కూడా వచ్చాడు, ఎక్కడినుంచో విమానం దిగి సరాసరి. మేస్త్రమ్మ నిలబడి అంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. చెబుతుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తిడతాడని, ఇంత చేసిన తన పేరు చెడగొట్టావని మండిపడతాడని ఎదురుచూసింది. ఆ తిట్లు పడటానికి సిద్ధపడే వచ్చింది.

ఆర్కిటెక్టు కుర్చీలో ముందుకు వంగి విన్నాడు. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది.

"అద్భుతం," అన్నాడు. "మీకు అర్థమవుతోందా అమ్మగారూ? మీరు చేసింది అబద్ధం కాదు. అదొక ప్రతిఘటన. మీ గొంతును మీరు ఇంకో రకంగా వినిపించారు. దీని గురించి నేను తప్పకుండా రాయాలి."

మేస్త్రమ్మ ఆయన్ను తేరిపార చూసింది. తన మీద తనకున్న అసహ్యం ఒక్క క్షణం పక్కకు జరిగి, ఈ మనిషికి చోటిచ్చింది.

"ప్రతిఘటన కాదు బాబూ, పొగరు," అంది. "మా చిట్టి చెయ్యి విరిగింది. మీరు దాని గురించి ఒక్క మాటైనా అడిగారా?"

"అదే, దాన్ని కూడా రాస్తాను..."

"మీరేం రాయకండి. బల్ల కోయించండి."

సూపరింటెండెంటు గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. పుస్తకం పిల్ల తన గురువు ముఖం వైపు చూడకుండా, "ఎంత కోయాలో నేను కొలిచి ఇస్తాను సార్," అంది.

మర్నాడు కొలిచారు. ఇటుకలు, పాత బల్ల, అదే దుప్పటి. ఈసారి ఒకరి తరవాత ఒకరు, ఆరుగురూ. పిల్ల ప్రతివాళ్ల దగ్గరా ఒకటికి మూడుసార్లు అడిగింది. అనుమానం వస్తే, "మళ్లీ మడవండి, నేను మీ మోచేతులు చూస్తాను," అని మొహం మీదే అంది. చేతికి కట్టుతో ఉన్న చిట్టిని ఇంటికి వెళ్లి కొలిచింది. మేస్త్రమ్మ వంతు వచ్చినప్పుడు నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించి, "ఇక్కడ. ఇందులో తేడా లేదు," అంది. పిల్ల ఆమె మాట పట్టించుకోకుండా టేపు పెట్టి సొంతంగా కొలుచుకుంది. మేస్త్రమ్మ కదలకుండా నిలబడింది.

ఫిట్టరు వచ్చి స్టీలు కాళ్లను జానెడు మీద నాలుగు వేళ్లు కోసి, మళ్లీ అతికాడు. పొట్టివాళ్లకు, పొడుగువాళ్లకు రెండు ఎత్తులుగా బల్లను విడగొట్టాడు. బెంచీలు రెండు వచ్చాయి. బండి దారి సగం సర్దుకుంది. రోలర్లను జరపడం కుదరదన్నారు కాబట్టి మిగతా సగం అలాగే ఉంది. దక్షిణం గోడను ముట్టుకోవడానికి మాత్రం ఇంజనీరు ఒప్పుకోలేదు. ఆవిరి గొట్టాలన్నీ దానిమీదే ఉన్నాయి, వాటిని కదిపితే ఆసుపత్రి మొత్తం ఆగిపోతుంది. అక్కడ కిటికీ ఇక రాదు.

చెయ్యి విరిగిన రెండు నెలలు దాటాక చిట్టి పనికొచ్చింది. మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. వదినా ఆడపడుచులు పొట్టి బల్ల దగ్గర ఎదురెదురుగా నిలబడి, దుప్పటి కొసలు పట్టుకున్నారు. నాలుగైదు దుప్పట్లు మడిచారు.

"చిట్టీ," అంది మేస్త్రమ్మ చివరికి.

"ఆ."

"నేను చెప్పేశాను. పైన అందరి ముందూ."

"విన్నాను. అన్నయ్య చెప్పాడు."

"నీకు కోపం లేదా?"

చిట్టి కొసలు కలిపి, ఎడంచేత్తో మడత నొక్కింది. కుడిచెయ్యి ఇంకా సాయానికే. "ఉంది వదినా. నాకు ఇన్నేళ్లలో నీ మీద కోపం వచ్చిందే లేదు. అందుకని ఎలా కోప్పడాలో తెలియడం లేదు. ఆ కొస గట్టిగా లాగు."

మేస్త్రమ్మ లాగింది.

ఆ రోజునుంచి చిట్టి వదిన ఏది చెప్పినా వెంటనే సరే అనడం మానేసింది. ఒక్కోసారి ఒప్పుకునేది, ఒక్కోసారి ఎందుకని అడిగేది. మిగతావాళ్లు కూడా అది చూసి నేర్చుకున్నారు. మేస్త్రమ్మ పెద్దరికం పోలేదు కానీ, రోజూ కొంచెం బేరం ఆడుకోవాల్సి వచ్చేది. ఆమెకది అలవాటు కాలేదు. రోజుకు రెండుసార్లైనా మూతి ముడుచుకునేది.

చలికాలం పోయాక ఒకరోజు ఆసుపత్రి వంటశాలలో పెద్ద వంటావిడ కిందికి దిగివచ్చింది. బండమనిషి, నవ్వితే గోడలు అదిరేవి. మేస్త్రమ్మ చెప్పిన జవాబుల కథ ఆసుపత్రంతా పాకి, ఆమె దాకా చేరింది.

"వచ్చే వారం మా దగ్గరికి వస్తున్నారట, ఆ పుస్తకాలవాళ్లు," అంది వంటావిడ బెంచీ మీద చతికిలబడి. "నువ్వు వాళ్లను ఒక ఆట ఆడించావట కదా. మాకూ నాలుగు ముక్కలు నేర్పు. పొయ్యి ఎత్తు అడిగితే ఏమనాలి?"

"నీ పొయ్యి ఎంత ఎత్తులో ఉండాలో అంతే చెప్పు."

వంటావిడ నవ్వడానికి సిద్ధంగా ఉన్న నోటితో కాసేపు ఎదురుచూసింది. ఇంకేమైనా వస్తుందేమోనని.

"అంతేనా?"

"ఆ పిల్ల రాసుకునేటప్పుడు ఏం రాసిందో చదివి వినిపించమను. తప్పుంటే అక్కడే దిద్దించు. బయటినుంచి గడ్డపాయన వస్తే మాత్రం వినకు."

వంటావిడ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపు మేస్త్రమ్మకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ తను ఎందరినో చూసిన చూపే అది.

"ఏమో అనుకున్నాను నిన్ను," అంది వంటావిడ లేచి, ఏప్రన్ దులుపుకుంటూ. "నువ్వు కూడా వాళ్లలో కలిసిపోయావన్నమాట."

మేస్త్రమ్మకు జవాబు నాలుక చివర దాకా వచ్చింది. మంచి ఘాటైన జవాబే. అవతల చిట్టి దుప్పటి రెండు కొసలు పట్టుకుని నిలబడి ఉంది. మేస్త్రమ్మ వెళ్లి మిగతా రెండు కొసలు అందుకుంది.